తెలుగు వస్తే చాలదా? సరిహద్దు జిల్లాల తెలుగు సంఘాల పెద్దలకు ఒక పాత టీచరు ఉత్తరం

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్, నవరంగపూర్, మల్కన్‌గిరి జిల్లాల్లో తెలుగు బడులు నడుపుతున్న, కొత్తగా పెట్టాలనుకుంటున్న సంఘాల పెద్దలందరికీ నమస్కారం.

పోయిన నెల మా గుణుపురంలో తెలుగువాళ్ల మీటింగ్ జరిగింది. వచ్చే ఏడాది నుంచి ఒకటి, రెండు తరగతులు తెలుగులో మొదలుపెడదామని అనుకున్నారు. వినగానే ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే ఇంకో మాట వచ్చింది. ప్లస్ టూ పాసై ఇంట్లో ఖాళీగా ఉన్న మన అమ్మాయిలు నలుగురిని టీచర్లుగా పెట్టుకుందాం, నెలకు అయిదు వేలు ఇద్దాం అన్నారు. నేను లేచి, "వాళ్లకు ట్రైనింగ్ ఉందా?" అని అడిగాను.

ముందు వరసలో కూర్చున్న పెద్దాయన ఒకరు మర్యాదగానే అడిగారు. "టీచరమ్మగారూ, పుట్టిన దగ్గర్నుంచి తెలుగు మాట్లాడుతున్న పిల్లలండీ వీళ్లు. తెలుగు చెప్పడానికి తెలుగు వస్తే చాలదా? మళ్లీ దానికో సర్టిఫికెట్ ఎందుకు?" హాల్లో చాలామంది తలలూపారు. నేను కూర్చుండిపోయాను. 30 ఏళ్లకు పైగా పాఠం చెప్పినదాన్ని, ఆ ఒక్క ప్రశ్నకు అక్కడికక్కడ జవాబు చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చాక అన్నం సహించలేదు.

ఆ రాత్రి నుంచి అదే పనిలో ఉన్నాను. అటక మీద ఉన్న నా పాత నోటు పుస్తకాలు దించాను. చట్టం కాగితాలు, కోర్టు తీర్పులు మా మనవడి చేత ప్రింట్ తీయించుకుని, అర్థం కానిచోట తెలిసినవాళ్లను అడుగుతూ చదివాను. ఆ పెద్దాయనకు ఆ రోజు చెప్పలేని జవాబే ఈ ఉత్తరం. మా ఊరి మాటే అయితే ఇంటికి వెళ్లి చెప్పేదాన్ని. బరంపురం నుంచి మోటు దాకా తెలుగు బడి అనగానే ఇదే ఆలోచన వినిపిస్తోంది. అందుకే అందరికీ రాస్తున్నాను.

నా సంగతితోనే మొదలుపెడతాను. నేను కూడా ట్రైనింగ్ లేకుండానే బడిలో అడుగుపెట్టాను. 1986లో, ఇంటర్ పాసవగానే, ఒక చిన్న ప్రైవేటు బడిలో పిల్లలకు తెలుగు చెప్పమంటే సంతోషంగా ఒప్పుకున్నాను. తెలుగు నాకు బాగా వచ్చు, పద్యాలు నోటికి వచ్చు, రాత ముత్యాల్లా ఉంటుందని మా నాన్నగారు అనేవారు. ఇంకేం కావాలి అనుకున్నాను.

మూడో తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. పేరు రాయను, ఇప్పుడు వాడికీ పిల్లలున్నారు. ఒకరోజు బోర్డు మీద "వంకాయ" అని రాసి చదవమన్నాను. వాడు వేలుపెట్టి చూపిస్తూ, నింపాదిగా, "వ... ఠ... కా... య" అన్నాడు. పిల్లలంతా నవ్వారు. సరిగ్గా చూసి చదవమన్నాను. మళ్లీ అదే చదివాడు. వెటకారం చేస్తున్నాడని నాకు కోపం వచ్చింది. చెయ్యి పట్టమని స్కేలుతో రెండు దెబ్బలు కొట్టాను. మర్నాడు "అంగడి" రాసి లేపాను. వాడు "అ" అన్నాడు. రెండో అక్షరం దగ్గర వేలు ఆగింది. బోర్డు వైపు చూశాడు, నా చేతిలో స్కేలు వైపు చూశాడు, నోరు మూసుకున్నాడు. ఆ ఏడాదంతా తెలుగు క్లాసులో వాడు మళ్లీ గొంతెత్తి చదవలేదు. వాళ్లమ్మ వచ్చి, "ఇంట్లో గలగలా మాట్లాడతాడమ్మా, తెలుగు పుస్తకం తీస్తే మూగోడైపోతన్నాడు" అంది. మీరే కాస్త చదివించాలమ్మా అని ఆమెకే బుద్ధులు చెప్పి పంపించాను. తర్వాతి ఏడాది వాణ్ని తెలుగు మాన్పించి పూర్తిగా ఒడియాలో వేశారు.

1988లో నాకు సి.టి. అనే ప్రైమరీ టీచర్ల ట్రైనింగ్‌లో సీటు వచ్చింది. ఇప్పుడు డి.ఎల్.ఎడ్. అంటున్నారు గానీ మా తరం ఒడిశాలో దాన్ని సి.టి. అనే అంటాం. అక్కడ ఒక ఒడియా లెక్చరర్ ఉండేవారు. పిల్లల తప్పుల గురించి పాఠం చెబుతూ ఆయన ఒక మాట అన్నారు. పిల్లవాడు తప్పు చేసినప్పుడు ఎందుకు తప్పాడని అడగకండి, వాడి లెక్క ప్రకారం అది ఎలా రైటయిందో వెతకండి అని. నాకు గుండె ఆగినంత పనైంది. ఎదురుగా నల్లబల్ల మీద ఆయన రాసిన ఒడియా మాటలో "ఠ" అక్షరం ఉంది. గుండ్రంగా, అచ్చం మన సున్నలా.

వాడు పొద్దున్నంతా ఒడియా చదివి నా క్లాసుకు వచ్చేవాడు. ఆ గుండ్రటి అక్షరాన్ని ఠ అని చదవాలని ఒడియా మాస్టారు నేర్పారు. వాడు నేర్చుకున్నది నేర్చుకున్నట్టు చదివాడు. రెండు లిపులు ఒకేసారి మోస్తున్న ఎనిమిదేళ్ల పిల్లవాణ్ని, వాడు చేసిన సరైన పనికి నేను కొట్టాను. ఒడియా నాకూ వచ్చు. ఆ ఠ నేనూ చిన్నప్పటి నుంచి రాస్తున్నదే. అయినా కనిపించలేదు. నాకు తెలుగు రాకపోవడం వల్ల వచ్చిన నష్టం కాదది. పిల్లవాడి తలలోకి తొంగిచూడటం నాకు ఎవరూ నేర్పకపోవడం వల్ల వచ్చింది.

ట్రైనింగ్ అయ్యాక తప్పుల పుస్తకం ఒకటి పెట్టుకున్నాను. ఏ పిల్లవాడు ఏ మాట ఎలా చదివాడో, ఎలా రాశాడో రోజూ రాసేదాన్ని. మొన్న అటక మీద నుంచి దించినవి అవే. అందులోవి కొన్ని మీకు చెబుతాను. మన జిల్లాల్లో తెలుగు చెప్పాలనుకునే ప్రతి అమ్మాయికీ ఇవి ఎదురొస్తాయి.

ఒడియాలో ఎ, ఏ అని రెండు లేవు, ఒకటే. ఒ, ఓ కూడా అంతే. అందుకని మన పిల్లలు "మెడ" రాయమంటే "మేడ" అని రాస్తారు. "తాతకు మేడ నొప్పి" అని రాసిన పాప ఉంది నా పుస్తకంలో. "కొడుకు" అన్నచోట "కోడుకు" అని పెడతారు. ఆ పాప నోటితో "మెడ" అని పొట్టిగా చక్కగా పలుకుతుంది. చేతికి మాత్రం ఆ తేడా అలవాటు కాలేదు. ఈ సంగతి తెలియని టీచరు దీర్ఘాలు వంద సార్లు రాయిస్తుంది. తెలిసిన టీచరు రెండు మాటలు పక్కపక్కన పెట్టి, చప్పట్లు కొట్టిస్తూ, పొట్టి పలుకుకు ఒక చప్పట, పొడుగు పలుకుకు రెండు అని చెవితో మొదలుపెట్టి చేతి దాకా తీసుకొస్తుంది. వారం రోజుల్లో మార్పు కనిపిస్తుంది.

ఇంకోటి తలకట్టు. ఒడియాలో తలకట్టు అక్షరాన్ని మన "ఒ"కి దగ్గరగా పలుకుతారు. ఒడియా చదువుకు అలవాటుపడ్డ పిల్లలు మన వాచకంలో "కమల"ను "కొమొలొ" అని చదువుతారు. అలాగే వ, బ. ఒడియాలో విమానం "బిమానొ", విద్య "బిద్యా". అందుకని "వాన" అని రాయమంటే "బాన" రాస్తారు. ఇవన్నీ మొద్దుతనం అనుకుంటే ప్రతి క్లాసులో సగం మంది మొద్దులే కనిపిస్తారు. మంచినీళ్ల కుండ లాంటి పిల్లల్ని పగలగొట్టుకుంటాం.

అయ్యా, మీ ప్రశ్నకు నా మొదటి జవాబు ఇక్కడే ఉంది. తెలుగు రావడం ఒక విద్య. తెలుగు రాని పిల్లవాడికి, లేదా ఇంకో లిపితో కుస్తీ పడుతున్న పిల్లవాడికి తెలుగు ఎలా ఎక్కుతుందో తెలియడం ఇంకో విద్య. అమెరికాలో లీ షుల్మన్ అనే విద్యావేత్త 1986లో దీనికి ఒక పేరు పెట్టారు. విషయం తెలియడం వేరు, బోధన తెలియడం వేరు, ఆ విషయాన్ని బోధించడానికి కావలసిన ప్రత్యేక జ్ఞానం మూడోది అని ఆయన వాదన. ఏ పాఠం పిల్లలకు ఎక్కడ కష్టమవుతుందో, వాళ్లు ఏ అపోహతో క్లాసుకు వస్తారో, ఏ ఉదాహరణ చెబితే ముడి విడుతుందో తెలియడమే ఆ మూడోది. ఆయన పేరు నాకు ఈ నెలలోనే తెలిసింది. ఆయన చెప్పిన సంగతి మాత్రం ఆ "వఠకాయ" దగ్గరే తెలిసింది.

మీటింగ్‌లో ఒక అమ్మ అడిగారు, "మరి మా అమ్మ మాకు తెలుగు నేర్పలేదా? ఆవిడకేం ట్రైనింగ్ ఉంది?" అని. నిజమే, నేర్పింది. అమ్మ మాట నేర్పుతుంది, రోజుకు పదహారు గంటలు, ఒక్కరికి లేదా ఇద్దరికి, ముద్దు చేస్తూ. బడిలో టీచరమ్మ చదవడం, రాయడం నేర్పాలి, అదీ ముప్పై మందికి, నలభై అయిదు నిమిషాల పీరియడ్‌లో. ఆ ముప్పై మందిలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లుంటారు, బయట ఒడియా, ఇంట్లో సవర మాట్లాడేవాళ్లుంటారు, తల్లి తెలుగు, తండ్రి ఒడియా అయినవాళ్లుంటారు. ఆ రెండు పనులూ ఒకటి కావు.

ఇక చట్టం సంగతి. చాలామందికి ఇది తెలియక ఇరుక్కుంటున్నారు కాబట్టి చెప్పాల్సి వస్తోంది. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో 23వ సెక్షన్ టీచర్ల అర్హత గురించే. ఆ అర్హతలు నిర్ణయించే పని జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలికి, అంటే ఎన్.సి.టి.ఇ.కి ఇచ్చారు. 2010 ఆగస్టు 23న వాళ్లు ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, ఒకటి నుంచి అయిదో తరగతి దాకా చెప్పాలంటే ప్లస్ టూతో పాటు రెండేళ్ల డి.ఎల్.ఎడ్. లాంటి ట్రైనింగ్ ఉండాలి, దాని మీద టెట్, అంటే టీచర్ల అర్హత పరీక్ష, పాస్ కావాలి. టెట్ మొదటి పేపర్ 150 మార్కులకు ఉంటుంది. అందులో 30 మార్కులు పిల్లల ఎదుగుదల, బోధన పద్ధతుల మీదే. లెక్కలకు 30, పరిసరాల విజ్ఞానానికి 30, రెండు భాషలకు తలా 30. అంటే పిల్లవాణ్ని అర్థం చేసుకోవడానికి లెక్కలతో సమానమైన విలువ ఇచ్చారు. మన ఒడిశా టెట్‌లో మొదటి భాషగా తెలుగు తీసుకోవచ్చు. ఈ ముక్క తెలియని తెలుగు అమ్మాయిలు ఈ జిల్లాల్లో ఎంతోమంది నాకు కనిపించారు. అందుకే గట్టిగా చెబుతున్నాను.

ఇంకో విషయం నన్ను బాగా ఆలోచింపజేసింది. బి.ఎడ్. చేసినవాళ్లు ప్రాథమిక తరగతులకు కూడా అర్హులేనని 2018లో ఎన్.సి.టి.ఇ. అంది. దాని మీద రాజస్థాన్ నుంచి కేసు వెళ్లింది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు అది కుదరదని తేల్చింది. బి.ఎడ్. అంటే డిగ్రీ తర్వాత చేసే చదువు. చూడటానికి డి.ఎల్.ఎడ్. కంటే పెద్ద కాగితం. అయినా కోర్టు ఏం చూసింది? ఆ చదువు చిన్నపిల్లలకు చెప్పడానికి తయారుచేసింది కాదు అని. పెద్ద డిగ్రీ ఉన్నవాళ్లను కూడా ఒకటో తరగతికి వద్దన్నారంటే, ఒకటో తరగతి ఎంత సున్నితమైన చోటో ఆలోచించండి. మనమేమో అది అందరికంటే తేలిక క్లాసు, ఎవరైనా చెప్పొచ్చు అనుకుంటున్నాం. నా అనుభవంలో పదో తరగతికి చెప్పడం కంటే ఒకటో తరగతికి చెప్పడమే కష్టం. పదో తరగతి పిల్లవాడు పాఠం అర్థం కాకపోతే అర్థం కాలేదని చెప్పగలడు.

మీటింగ్‌లో లాయరుగారు ఒకరు, "మనం భాషా మైనారిటీలం, ఈ రూల్స్ మనకు వర్తించవు" అన్నారు. ఆయన మాటలో కొంత నిజం ఉంది. 2014లో అయిదుగురు జడ్జిల సుప్రీంకోర్టు ధర్మాసనం మైనారిటీ విద్యాసంస్థలకు విద్యాహక్కు చట్టం వర్తించదని చెప్పింది. కానీ 2025 సెప్టెంబర్ 1న, మహారాష్ట్ర, తమిళనాడు కేసుల్లో ఇద్దరు జడ్జిల ధర్మాసనం ఆ తీర్పు మీదే సందేహం వెలిబుచ్చి, మళ్లీ చూడాలని పైకి పంపింది. మిగతా బడుల్లో ఇప్పటికే పనిచేస్తూ, ఇంకా అయిదేళ్లకు పైగా సర్వీసు ఉన్న టీచర్లు రెండేళ్లలో టెట్ పాస్ కావాలని అదే తీర్పు చెప్పింది. ఆ తీర్పు విని సీనియర్ టీచర్లు ఎంత టెన్షన్ పడ్డారో నాకు తెలుసు. నా శిష్యురాళ్లు ఇద్దరు రాత్రిళ్లు ఫోన్ చేసి ఏడ్చారు.

కానీ లాయరుగారికి నేను చెప్పాలనుకున్నది కోర్టు సంగతి కాదు. మైనారిటీ హక్కు మనకు ఎందుకిచ్చారు? మన భాష, మన బడి నిలబడటానికి. రాజ్యాంగంలో 1956లో చేర్చిన 350-ఎ అధికరణం, మైనారిటీ పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో అందే ఏర్పాట్లు చేయాలని రాష్ట్రాలకు చెబుతుంది. విద్యాహక్కు చట్టం కూడా వీలైనంత వరకు మాతృభాషలోనే బోధన ఉండాలంటుంది. అంటే ఈ హక్కు పిల్లవాడిది. ఒడియా పిల్లవాడికి ట్రైనింగ్ ఉన్న టీచరు కావాలని చట్టం చెబుతుంటే, తెలుగు పిల్లవాడికి ట్రైనింగ్ లేని టీచరు చాలని మన నోటితో మనమే అనడమేమిటి? ఇదే ఒడిశాలో సవర, కుయి, కోయ లాంటి 21 గిరిజన భాషల పిల్లల కోసం మాతృభాష బోధన కార్యక్రమం నడుస్తోంది. వాళ్ల భాష వచ్చిన టీచర్లను వెతికి, పుస్తకాలు రాయించి, శిక్షణ ఇచ్చారు. అది ఎంత బాగా నడుస్తోందన్నది వేరే చర్చ. భాష రావడం, శిక్షణ ఉండటం రెండూ కావాలని అక్కడ ఒప్పుకున్నారు. మనం ఒకదానితో సరిపెట్టుకోవద్దు.

గిడుగు రామమూర్తి పంతులుగారి మాట ఎత్తకుండా ఈ ఉత్తరం రాయలేను. మీటింగ్ అయ్యాక ఒకరు నన్ను ఆపి, "గిడుగువారికి ఏ ట్రైనింగ్ ఉందమ్మా?" అని అడిగారు. ఆయన 1880లో, మెట్రిక్ పాసయ్యాక, ఇక్కడికి దగ్గరే పర్లాకిమిడి రాజావారి బడిలో టీచరుగా చేరారు. ఆ మాట నిజం. కానీ ఆయన ఏం చేశారో చూడండి. సవర పిల్లలకు చదువు చెప్పాలనుకున్నారు. అయితే వాళ్లకు తెలుగులో చెప్పేసి ఊరుకోలేదు. రెండు భాషలూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని సవర నేర్చుకున్నారు. మాటలు పోగుచేశారు, సొంత ఖర్చుతో బడులు పెట్టారు, ఏళ్ల తరబడి కష్టపడి సవర వ్యాకరణం రాశారు. ఆయన చేసిన వాడుక భాషా ఉద్యమం కూడా బడి చదువు గురించిన ఒక ప్రశ్న నుంచే పుట్టింది. 1907 ప్రాంతంలో స్కూళ్ల ఇన్‌స్పెక్టర్‌గా వచ్చిన యేట్స్ దొర, జనం మాట్లాడే తెలుగుకూ, బడిలో చెప్పే తెలుగుకూ ఇంత తేడా ఎందుకని అడిగాడు. పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గిడుగు, గురజాడ ఆ ప్రశ్నను పట్టుకున్నారు. పిల్లవాడికి చదువు ఎలా ఎక్కుతుంది అన్న వెతుకులాటే మనం ఈరోజు రాసుకుంటున్న తెలుగును ఇచ్చింది. గిడుగువారు తనకు తానే ట్రైనింగ్ కాలేజీ అయ్యారు. దానికి ఆయనకు ఒక జీవితం పట్టింది. నెలకు అయిదు వేలకు వచ్చే పద్దెనిమిదేళ్ల అమ్మాయిని జీవితమంతా ధారపోసి కనిపెట్టమని మనం అడగగలమా? రెండేళ్లలో నేర్పించే చోటు ఉండగా?

ఈ పరిశోధనలో నాకు ఎదురుతిరిగిన సంగతి కూడా ఒకటి కనబడింది. దాచకుండా చెబుతాను. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో ప్రయోగం చేశారు. 100 సర్కారు బడులకు ఒక్కొక్క కాంట్రాక్ట్ టీచరును అదనంగా ఇచ్చి రెండేళ్లు చూశారు. ఆ టీచర్లకు జీతం తక్కువ, చదువూ ట్రైనింగూ రెగ్యులర్ వాళ్లకంటే తక్కువ. అయినా ఆ బడుల్లో పిల్లలకు లెక్కల్లో, భాషలో మార్కులు పెరిగాయి. పైగా బడికి రాని రోజులు కాంట్రాక్ట్ వాళ్లలో 18 శాతం ఉంటే, రెగ్యులర్ వాళ్లలో 27 శాతం. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మీటింగ్‌లో పెద్దాయన చెప్పిందే నిజమా అనుకున్నాను.

రెండు మూడు రోజులు ఆలోచించాను. వాళ్లు అదనంగా వచ్చిన టీచర్లు. అప్పటికే ట్రైనింగ్ ఉన్న టీచర్లు నడుపుతున్న బడిలోకి ఇంకో మనిషి వస్తే, పిల్లల గుంపు చిన్నదవుతుంది, బడి మూతపడే రోజులు తగ్గుతాయి. మేలు జరగడం సహజం. మనం చేయబోతున్నది అది కాదు. బడి మొత్తాన్ని ట్రైనింగ్ లేనివాళ్ల చేతుల్లో పెట్టబోతున్నాం. రెండో సంగతి, అక్కడి పిల్లలు బడి గోడ మీదా, బస్సు బోర్డు మీదా ఒకే లిపి చూస్తారు. మన పిల్లలకు ఆ అదృష్టం లేదు. అయినా ఆ పరిశోధన నుంచి ఒక మాట ఒప్పుకుని తీరాలి. జీతం తీసుకుని బడికి రాని సర్టిఫికెట్ కంటే రోజూ వచ్చే మనిషి మేలు. ఆ మాట మా తరం టీచర్లు కూడా వినాలి.

సర్టిఫికెట్లన్నీ ఒకటి కావని కూడా ఒప్పుకుంటాను. మహారాష్ట్రలో 291 డి.ఎడ్. కాలేజీల అనుమతుల గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లాకే జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ వేశారు. 2012లో ఆ కమిషన్ ఇచ్చిన నివేదిక దేశమంతా టీచర్ ట్రైనింగ్ ఎంత పాడైపోయిందో చెప్పింది. క్లాసుకు వెళ్లకుండా డబ్బు కట్టి పట్టా తెచ్చుకునేవాళ్లు నాకూ తెలుసు. అలాంటి పట్టా వల్ల ఏ పిల్లవాడికీ మేలు లేదు. కాబట్టి నేను మిమ్మల్ని అడుగుతున్నది పట్టా చూడమని మాత్రమే కాదు. డి.ఎల్.ఎడ్.లో బడికి వెళ్లి చేసే ఇంటర్న్‌షిప్ ఒకటుంటుంది, మొత్తం 20 వారాలు. ఆ అమ్మాయి నిజంగా ఆ 20 వారాలు పిల్లల ముందు నిలబడిందా అని అడగండి. పాఠం ఒకటి చెప్పించి చూడండి. పిల్లవాడు తప్పు చదివితే ఆమె ముఖం ఎలా మారుతుందో చూడండి. నాకు అదే పెద్ద పరీక్ష.

ఇంతకీ నేను అడిగేది ఏమిటంటారా? ఆ నలుగురు అమ్మాయిలను వద్దనడం లేదు. వాళ్లలో ఒకమ్మాయి నా శిష్యురాలి కూతురే. పిల్లల్ని చూడగానే ముఖం వెలిగిపోతుంది. అలాంటి అమ్మాయిని ట్రైనింగ్ లేకుండా ముప్పై మంది ముందు నిలబెడితే ఆరు నెలల్లో ఆ వెలుగు ఆరిపోతుంది. చేతికి స్కేలు వస్తుంది. నాకు వచ్చినట్టే.

సంఘం దగ్గర ఉన్న డబ్బుతో ఈ ఏడాదికి ఇద్దరిని డి.ఎల్.ఎడ్.కు పంపండి. ఫీజు, హాస్టల్ ఖర్చు సంఘం భరించి, తిరిగి వచ్చాక మూడేళ్లు మన బడిలో చెబుతానని మాట తీసుకోండి. సర్కారు డైట్ కాలేజీలో, అంటే జిల్లా టీచర్ ట్రైనింగ్ కాలేజీలో, సీటు వస్తే ఖర్చు ఇంకా తక్కువ. వాళ్లు ఒడియాలో చదువుతారు, పరవాలేదు. నేనూ అలాగే చదివాను. ఒడియాలో పద్ధతి నేర్చుకుని తెలుగులో చెప్పడం కష్టమే గానీ, ఆ కష్టం వల్లే రెండు లిపుల మధ్య పిల్లవాడు ఎక్కడ తడబడతాడో ముందే కనిపిస్తుంది. ఈ రెండేళ్లూ ఒకటో తరగతి తెలుగును రిటైరైన ట్రైన్డ్ టీచర్ల చేత చెప్పించండి. మాలో చాలామందిమి ఖాళీగానే ఉన్నాం. జీతం ఇవ్వకపోయినా వస్తాం. మిగతా ఇద్దరమ్మాయిలు మా పక్కన కూర్చుని సాయం చేస్తారు, చూసి నేర్చుకుంటారు, ఆ తర్వాతి ఏడాది వాళ్లూ వెళతారు.

ఇప్పటికే పదేళ్లు, పదిహేనేళ్లుగా ట్రైనింగ్ లేకుండా మన బడులను నిలబెట్టిన వాళ్లున్నారు. వాళ్లను దయచేసి ఈ ఉత్తరం చూపించి తీసేయకండి. వాళ్లు లేకపోతే ఈ జిల్లాల్లో ఎన్నో చోట్ల తెలుగు అక్షరం ఎప్పుడో ఆరిపోయేది. 2017లో కేంద్రం అలాంటి టీచర్లకే గడువు 2019 మార్చి 31 దాకా పెంచి, ఉద్యోగం చేస్తూనే చదువుకునేలా దూరవిద్యలో డి.ఎల్.ఎడ్. చెప్పించింది. దేశం మొత్తం మీద పన్నెండు లక్షల మందికి పైగా అందులో చేరారు. మనవాళ్లకు ఆ అవకాశం జారిపోయి ఉంటే, సెలవుల్లో నెలరోజుల శిక్షణ మనమే పెడదాం. అది పట్టాకు సమానం కాదు. పిల్లలకు మాత్రం మేలు చేస్తుంది.

ప్రభుత్వాన్ని అడగాల్సింది కూడా ఉంది. ఆరు జిల్లాల సంఘాలు కలిసి ఒకే అర్జీ పెడదాం. మన జిల్లాల డైట్ కాలేజీల్లో తెలుగు బోధన పద్ధతిని చెప్పే వాళ్లను వేయాలని, తెలుగు పిల్లలున్న బడుల్లోనే ఇంటర్న్‌షిప్ చేసే వీలు ఇవ్వాలని అడుగుదాం. ఇచ్చాపురం గేటు అవతలా, పార్వతీపురం అవతలా తెలుగు మీడియంలో ట్రైనింగ్ పొందిన టీచర్లున్నారు. వాళ్లను వేసవిలో నెల రోజులు పిలిపించుకుందాం. అర్జీ ముసాయిదా నేను రాసి ఉంచాను, ఒడియాలోనూ తెలుగులోనూ. తప్పులుంటే దిద్దండి.

నా తప్పుల పుస్తకాలు మొత్తం పదకొండు. పిల్లల పేర్లు కొట్టేసి, తప్పులు మాత్రం ఉంచి, మా మనవడి చేత ఫోటోలు తీయిస్తున్నాను. ఏ సంఘం అడిగినా పంపుతాను. మొదటి పుస్తకం మొదటి పేజీలో "వఠకాయ" ఉంది. ట్రైనింగ్ నుంచి వచ్చిన రోజు రాత్రి రాసింది.

మీ నలుగురమ్మాయిలను ఈ ఆదివారం తొమ్మిది గంటలకు మా ఇంటికి పంపండి. పాత వాచకాలు, ఒక పలక, బలపాలు సిద్ధం చేసి ఉంచుతాను. వీలైతే ఒకటో తరగతి పిల్లలు ఇద్దరు ముగ్గురిని కూడా వెంట పంపండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ప్రైమరీ టీచరు,
గుణుపురం, రాయగడ జిల్లా